తెరవని గడి

మూడో నొక్కుకే పేలింది. కంప్యూటరు తెర నిండా నల్ల గుండ్లు పరుచుకున్నాయి. పైనున్న గుండ్రటి పసుప్పచ్చ బొమ్మ కళ్ళు తేలేసింది.

డాక్టర్ పైడిరాజు మౌసు మీంచి చెయ్యి తీసేసి పకపకా నవ్వాడు. "పోయాడు పాపం. బంధువులకి కబురు పెట్టండి" అన్నాడు.

పక్కన కూర్చున్న మంగవేణికీ నవ్వొచ్చింది. భర్త అలా నవ్వగా విని చాలాకాలమైంది.

"ఎక్కడపడితే అక్కడ నొక్కితే ఇలాగే అవుతుంది. అంకెలు చూడండి" అంటూ ఆమె కొత్త ఆట మొదలుపెట్టి కొన్ని గడులు తెరిచింది. "ఇదిగో, ఈ గడిలో ఒకటి ఉంది కదా. అంటే దీన్ని ఆనుకుని ఉన్న ఎనిమిది గడుల్లో ఒక్కదాని కింద మాత్రమే మందుపాతర ఉన్నట్టు. ఏడు గడులు తెరిచేశాం. ఇంకెక్కడ ఉంటుంది?"

అతను తెరకేసి చూశాడు. వేలితో ఒక్కో గడినీ తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో వేలు ఆగిపోయింది. దేన్ని లెక్కపెడుతున్నాడో మరిచిపోయాడు. నవ్వు మెల్లగా మొహంలోంచి దిగిపోయింది.

"ఏదో ఒకటి నొక్కేస్తా వేణీ. తగిల్తే తగిలింది" అన్నాడు.

ప్రమాదానికి ముందు కూడా అతని స్వభావం అదే. కాకపోతే అప్పట్లో అతను నొక్కింది చాలామటుకు తగిలేది. జీడితోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఏరియా ఆసుపత్రి, అందులో అత్యవసర విభాగం అతనిది. స్కానింగు యంత్రం లేదు, పరీక్షలు సగం దొరకవు. గుమ్మంలోంచి రోగి నడిచొచ్చే తీరు చూసి అతను మంచం సిద్ధం చేయించేవాడు. "రాజు డాక్టరు చెయ్యి పడితే చాలు" అని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అనుకునేవారు. ఒక వానరోజు అతనెక్కిన జీపు ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. తలకి దెబ్బ తగిలింది.

మాట పోలేదు. మనుషుల్ని మరిచిపోలేదు. పోయింది వరస. ఒకదాని తర్వాత ఒకటి ఏం చెయ్యాలన్నది చేతికి అందకుండా పోయింది. పాలగిన్నె పెట్టకుండానే పొయ్యి వెలిగించేవాడు. ఒకసారి పట్టుబట్టి ఆసుపత్రికి వెళ్ళి ఒక ముసలాయనకి మందు రాయబోయాడు. సగం రాశాక ఆయన ఏ జబ్బుతో వచ్చాడో గుర్తు రాలేదు. స్టెతస్కోపు బల్లమీద పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా రైలెక్కి, భార్యా కూతురూ ఉంటున్న విశాఖపట్నం వచ్చేశాడు. ఆ తర్వాత ఇంట్లో కిటికీ పక్క కుర్చీయే అతని లోకమయ్యింది.

మంగవేణి విశాఖలోనే సముద్రం ఒడ్డున ఉన్న ఒక మెదడు పరిశోధనశాలలో పనిచేస్తోంది. అక్కడ ప్రొఫెసర్ భానోజీరావు నాయకత్వంలో ఒక పరికరం తయారవుతోంది. మెత్తటి పట్టీలతో తలకి చుట్టుకునే ఆ పరికరాన్ని అందరూ పాగా అనేవారు. మనిషి ఏదైనా నేర్చుకుంటున్నప్పుడు అతను కారణం తెలిసి చేస్తున్నాడా, గుడ్డిగా ఊహించి చేస్తున్నాడా అన్నది మెదడులో లేచే అలల్ని బట్టి పాగా పసిగడుతుంది. కారణంతో చేసినప్పుడు సన్నటి విద్యుత్తు పంపి ఆ దారిని గట్టిపరుస్తుంది. ఊహతో చేసినప్పుడు ఆ అలని అణిచేస్తుంది.

దాన్ని పరీక్షించడానికి భానోజీరావు ఏరికోరి పట్టుకున్న ఆట మైన్‌స్వీపర్. ఒకప్పుడు ఆఫీసుల్లో గుమస్తాలు భోజనాల వేళ ఆడుకున్న పాత ఆట. "ఇందులో తెలిసి నొక్కడానికీ తెగించి నొక్కడానికీ మధ్య గీత ఉంటుందమ్మా. మన బతుకుల్లో ఆ గీత కనపడదు" అనేవాడాయన.

పక్షవాతం వచ్చినవాళ్ళు, తలకి దెబ్బ తగిలినవాళ్ళు కొన్ని వారాల్లోనే పెద్ద పెద్ద గళ్ళ బోర్డులు పూర్తి చేయడం మంగవేణి కళ్ళారా చూసింది. ఆటతోబాటు వాళ్ళ బతుకుల్లో కూడా వరస తిరిగొచ్చింది. అయితే అక్కడ పనిచేసేవాళ్ళ బంధువుల మీద ప్రయోగం చేయకూడదన్నది నియమం. ఆ సంగతి తెలిసే, ఒకరోజు భర్తని వెంటబెట్టుకుని ఆమె భానోజీరావు గదికి వెళ్ళింది.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇతను నీ భర్తని ఇక్కడ ఎవరికి తెలుసు?" అన్నాడు చివరికి.

"మీకు తెలుసు సార్."

"నాకు మతిమరుపు" అన్నాడాయన.

పైడిరాజు పేరు మామూలు రోగుల మధ్య చేరింది. ఊరి పేరుగా ఆసుపత్రి ఉన్న ఊరే రాశారు. పర్యవేక్షించినవాళ్ళ సంతకం దగ్గర మంగవేణి సంతకం చేసింది.

*

పాగా చుట్టుకుని రోజూ పొద్దున్నే అతను తెర ముందు కూర్చునేవాడు. మొదటివారం ఊరికే పేలిపోయేది. "ఇవాళ ఎంతమంది చచ్చారండీ?" అని మంగవేణి అడిగితే, "ఊరంతా" అనేవాడు. రెండోవారానికి ఒకటి పక్కన రెండు, రెండు పక్కన ఒకటి వరసగా కనపడితే ఏ గడి కింద ఏముందో చెప్పడం మొదలుపెట్టాడు. అలా చెబుతున్నప్పుడు అతని గొంతులో ఒకప్పటి డాక్టరు వినిపించేవాడు.

"ఇటు మూడు ఉంది. అందులో రెండు ఇక్కడే తేలిపోయాయి. కాబట్టి మూడోది ఈ మూల. దీని పక్కది తెరవొచ్చు, ఏమీ కాదు" అని చెప్పి తెరిచేవాడు. ఏమీ అయ్యేది కాదు.

ఆ నెలాఖరున ఒకరోజు మంగవేణి నిద్రలేచేసరికి వంటింట్లోంచి కాఫీ వాసన వస్తోంది. పాలు పొంగకుండా, డికాషన్ ఒలక్కుండా, కప్పులు వరసగా పెట్టి అతను కాఫీ కలుపుతున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఏడ్చింది. పదేళ్ళ కూతురు ఆమని వచ్చి, "అమ్మా, నాన్న బాగానే చేస్తున్నారు కదా, ఎందుకేడుస్తావు?" అంది.

ఆటలో ఒక చిక్కు ఉంది. అన్ని గడులూ సరిగ్గా తేల్చుకుంటూ వచ్చినా, ఒక్కోసారి చివర్లో ఏదో మూల రెండు గడులు మిగిలిపోతాయి. వాటిలో ఒకదాని కింద మందుపాతర ఉంటుంది. ఏ గడి కిందో చుట్టూ ఉన్న అంకెలు చెప్పవు. అక్కడ ఎంత తెలివైనవాడైనా కళ్ళుమూసుకుని ఒకటి నొక్కాల్సిందే. మామూలు మనుషులు నొక్కేస్తారు. పేలితే తిట్టుకుంటారు, పేలకపోతే మురిసిపోతారు.

పైడిరాజు నొక్కలేదు. బోర్డంతా తెరిచి, ఆ రెండు గడుల దగ్గరికి వచ్చి ఆగాడు. బాణం గుర్తు ఒక గడి మీదకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. రెండోదాని మీదకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. కొంతసేపటికి అతను మౌసు వదిలేసి లేచిపోయాడు.

"అదేంటి, ఆట అయిపోలేదు కదా" అంది మంగవేణి.

"ఇక్కడితో తెలియాల్సింది అయిపోయింది."

"ఏదో ఒకటి నొక్కచ్చు కదా? ఇది ఆటే."

"ఎందుకు నొక్కాలి?" అని అతను నిజంగానే అడిగాడు. ఎగతాళి కాదు. కారణం చెబితే నొక్కడానికి సిద్ధంగా ఉన్నవాడిలా ఆమె మొహంలోకి చూశాడు.

పాత రికార్డులన్నీ తీసి చూస్తే, పాగా పెట్టుకున్నవాళ్ళలో చాలామంది అలాగే ఆ మూలదాకా వచ్చి లేచిపోయారని తేలింది. మంగవేణి ఆ మాట భానోజీరావుకి చెప్పింది.

"మంచిదేగా? తొందరపాటు తగ్గింది. నివేదికలో అలాగే రాయి" అన్నాడాయన.

"తగ్గడం కాదు సార్. పూర్తిగా పోయిందేమో అనిపిస్తోంది."

"అనిపించడం సైన్సు కాదమ్మా. నీ భర్త మళ్ళీ చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుంటున్నాడా, లేదా?"

పెట్టుకుంటున్నాడు. ఆమె తన బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. 'తొందరపాటు గణనీయంగా తగ్గినది' అని నివేదికలో రాసింది.

*

ఇంట్లో తేడా చిన్న చిన్నవాటిలో తెలిసేది. రైతుబజారులో అతను పుచ్చకాయల కుప్ప ముందు నిలబడి కదిలేవాడు కాదు. కొయ్యకుండా లోపల ఎర్రగా ఉందో లేదో తెలియదు కదా అనేవాడు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నప్పుడు బట్టలు ఆరెయ్యాలా వద్దా అని పనిమనిషి అడిగితే జవాబు రాక బిగుసుకుపోయేవాడు. మంగవేణి అన్నింటికీ సర్దుకుంది. వరస లేని మనిషితో ఏడాది గడిపినదానికి ఇదొక లెక్కలోకి రాలేదు.

ఒకరోజు బడిలో ఆమనికి పరుగు పందెం. బూట్లు కట్టుకుంటూ, "నాన్నా, నేను గెలుస్తానా?" అని అడిగింది. ఇలాంటప్పుడు ఒకప్పుడైతే కూతుర్ని భుజాల మీదకి ఎత్తుకుని, "నువ్వు కాక ఇంకెవరే!" అని వీధంతా వినపడేలా అరిచేవాడు.

అతను ఆలోచించాడు. "మిగతా పిల్లలు ఎంత వేగంగా పరిగెత్తుతారో నాకు తెలీదమ్మా" అన్నాడు.

ఆమని తలవంచుకుని రెండో బూటు ముడి వేసుకుంది. ఆ రోజు దానికి మూడో స్థానం వచ్చింది. ఇంటికొచ్చాక తండ్రికి ఆ సంగతి చెప్పలేదు. మంగవేణి అదంతా గమనించింది. గమనించి ఊరుకుంది. అప్పటికే వైద్యుల బృందం పైడిరాజుని పరీక్షించి ఉద్యోగానికి తగినవాడేనని తేల్చింది. మందుల మోతాదులు, జబ్బుల లక్షణాలు, ఏది ముందు ఏది వెనక, అన్నీ పొల్లుపోకుండా చెప్పాడట. ఇంత కచ్చితమైన డాక్టర్ని చూడలేదని వాళ్ళలో ఒకాయన మెచ్చుకున్నాడట.

అతను జీడితోటల ఊరికి తిరిగి వెళ్ళాడు. ఆసుపత్రివాళ్ళు గుమ్మానికి మామిడాకులు కట్టారు.

*

దసరా సెలవులకి మంగవేణి కూతురితో కలిసి ఆ ఊరు వెళ్ళింది. ఆసుపత్రి ఆవరణలోనే డాక్టరు క్వార్టర్సు. రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి వెలిసింది. పైడిరాజు పెందలాడే డ్యూటీకి వెళ్ళిపోతే, ఆమె ఇడ్లీ డబ్బా పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

అత్యవసర విభాగంలో బెంచీ మీద ఒక యువతి ముడుచుకుని పడుకుని ఉంది. పేరు దేముడమ్మ. జీడిపిక్కల బట్టీలో పనిచేస్తుంది. వేళ్ళకి పిక్కల రసం నల్లగా పట్టేసి ఉంది. ఆమె భర్త ఈశ్వర్రావు తల దగ్గర నిలబడి చెబుతున్నాడు.

"తెల్లారగట్ల నుంచి కడుపునొప్పని ఏడుత్తంది బాబూ. వాము నీళ్ళు పట్టినాను. తగ్గనేదు. గొంతుకలో ఏటో అడ్డం పడినట్టుందంట."

"రాత్రి ఎక్కడ పడుకున్నారు?" పైడిరాజు అడిగాడు.

"బట్టీ పక్క పాకలోన, నేలమీదే తొంగున్నాం."

"ఏదైనా కరిచినట్టు అనిపించిందా?"

"ఏటీ నేదు బాబూ. నాను అంతా సూసినాను. గాటు నేదు."

నర్సు రాహేలు దేముడమ్మ గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. "సార్, రెప్పలు చూడండి. వాలుతున్నాయి. కట్లపాము అయ్యుంటుంది. విరుగుడు కలిపెయ్యనా?"

"కాటు గుర్తు లేదు. రక్తం గడ్డకడుతోందా?"

"కడుతోంది సార్. కట్లపామైతే కడుతుంది, దాని విషం నరాలకే ఎక్కుతుంది."

"కట్లపాము కాకపోయినా కడుతుంది" అన్నాడు పైడిరాజు. "నిద్ర చాలకపోయినా రెప్పలు వాలతాయి. కడుపునొప్పికి వంద కారణాలుంటాయి. విరుగుడు పడకపోతే ఆ మందే ప్రాణం తియ్యొచ్చు. లక్షణం ఇంకొకటి స్పష్టంగా కనపడాలి."

రాహేలు అతనికేసి తిరిగింది. "ఇంకొకటి కనపడేదాకా ఆగకూడదని మీరే కదా సార్ మాకు నేర్పారు? వానాకాలం, నేలమీద పడక, కడుపునొప్పి ఉంటే గాటు కోసం వెతకొద్దన్నారు కదా?"

"అన్నాను. ఏ ఆధారంతో అన్నానో ఇప్పుడు చెప్పలేను."

బల్లమీద విరుగుడు సీసాలు వరసగా ఉన్నాయి. పైడిరాజు చెయ్యి వాటివైపు వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. గుమ్మంలో నిలబడి మంగవేణి చూస్తోంది. ఆ చెయ్యి అలా వెళ్ళి వెనక్కి రావడం ఆమె ప్రయోగశాలలో ఎన్నోసార్లు చూసింది.

"ఏమండీ" అంది. లోపలికి వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ, ఇచ్చెయ్యండి."

అతను తిరిగి చూశాడు. "నీకెలా తెలుసు?"

ఆమె వైద్యురాలు కాదు. పాముకాటు గురించి ఆమెకేమీ తెలియదు. తెలిసిందల్లా ఆ చెయ్యి ఎందుకు ఆగిపోయిందన్నది ఒక్కటే. ఆ మాట అందరిముందూ చెప్పడానికి నోరు తెరిచింది. తమ గుట్టు, భానోజీరావు, తన సంతకం, కూతురు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నోరు మూసుకుంది.

"పెద్దాసుపత్రికి ఫోన్ చేసి అడుగుతాను" అంటూ రాహేలు బయటికి పరిగెత్తింది. చాలాసేపు ప్రయత్నించినా లైను కలవలేదు.

దేముడమ్మ ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది. నీళ్ళు తాగిస్తే ముక్కులోంచి వచ్చేశాయి. కళ్ళు తెరవడానికి నుదురంతా ముడిచినా రెప్పలు లేవలేదు. ఆ క్షణంలో పైడిరాజు మారిపోయాడు. ఇప్పుడు ఆధారం దొరికింది. "విరుగుడు పది సీసాలు కలపండి. ఊపిరి సంచీ ఇటివ్వండి. అంబులెన్సు పిలవండి" అని వరసగా ఆజ్ఞలు వేశాడు. ఒక్కటీ తప్పు లేదు, ఒక్కటీ తడబాటు లేదు. గొంతులోకి గొట్టం వేసి, సంచీ తన చేత్తోనే నొక్కి ఊపిరి అందిస్తూ అంబులెన్సులో కూర్చున్నాడు.

పెద్దాసుపత్రి గేటు చేరకుండానే దేముడమ్మ చనిపోయింది.

*

విచారణకి వచ్చిన అధికారులు కాగితాలన్నీ చూసి డాక్టరు తప్పేమీ లేదన్నారు. కాటు గుర్తు లేదు, రక్తపరీక్ష మామూలుగా ఉంది, లక్షణం బయటపడగానే చికిత్స మొదలైంది. రాహేలు ఆ రోజు సంగతి చెప్పింది కానీ, ఊహ మీద మందు ఇవ్వమని ఏ నియమం చెబుతుందమ్మా అని వాళ్ళు అడిగితే ఊరుకుంది.

దినం అయిపోయాక ఈశ్వర్రావు క్వార్టర్సుకి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాకుండా వరండా మెట్టుమీద కూర్చున్నాడు.

"బాబూ, నాను గొడవకి రానేదు. ఒక్క మాట అడిగి ఎల్లిపోతాను. వాము నీళ్ళంటా, అదంటా ఇదంటా నానే పొద్దుపోగొట్టీసినాను. మెలకువొచ్చినప్పుడే తెచ్చీసుంటే బతికీదా?"

పైడిరాజు అతని ఎదురుగా కింద కూర్చున్నాడు. చాలా శ్రద్ధగా ఆలోచించాడు.

"తెలీదు" అన్నాడు.

ఈశ్వర్రావు ఇంకొక మాట వస్తుందేమోనని చూశాడు. రాలేదు. లోపల్నుంచి వింటున్న మంగవేణి ఆగలేక బయటికి వచ్చింది.

"నీ తప్పేం లేదు నాయనా" అంది. "ఎప్పుడు తెచ్చినా, ఎవరేం చేసినా దక్కేది కాదు. అది అలాంటి విషం."

అతను తుండుతో మొహం కప్పుకుని భోరుమన్నాడు. కాసేపటికి లేచి ఇద్దరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాటేదాకా పైడిరాజు అటే చూస్తున్నాడు.

"నువ్వు రెండు మాటలు చెప్పావు" అన్నాడు. "అతని తప్పు లేదన్నది నిజం. ఎవరేం చేసినా దక్కేది కాదన్నావు. అది నీకు తెలీదు."

"అతనికి కాస్త ఊరటగా ఉంటుందని అన్నాను."

"అతనికేనా?"

భర్త మాటలో కోపం లేదు. అంకెలు చూసి ఏ గడి కింద ఏముందో తేల్చినట్టే తేల్చాడు. ఆమె మెట్టుమీద కూర్చుని పాగా సంగతి, రెండు గడుల సంగతి, తను నివేదికలో రాసిన మాట, అన్నీ చెప్పేసింది. అతను అంతా విన్నాడు.

"ఆ రోజు మీకు లోపల ఏమనిపించింది?" అని అడిగింది.

"ఏమీ అనిపించలేదు. అదే చెబుతున్నాను వేణీ. అప్పట్లో రోగిని చూడగానే లోపల ఎవరో గట్టిగా చెప్పేవారు, ఇదీ అని. ఒక్కోసారి తప్పయ్యేది. చాలాసార్లు ఒప్పయ్యేది. ఇప్పుడు లోపల ఎవరూ లేరు. ఆ పిల్ల పక్కన నిలబడి చెవులు రిక్కించి విన్నాను. ఎవరూ పలకలేదు."

*

మంగవేణి విశాఖ వెళ్ళి భానోజీరావుని నిలదీసింది. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. పాగాని తిరగేసి నడిపే పద్ధతి ఒకటి ఉందట. అంతకుముందు ఎవరికీ చెప్పకుండా కొద్దిమంది మీద చేసి చూశారట. కొందరికి పాత తెగువ తిరిగొచ్చింది. ఒకాయన మాత్రం నేర్చుకున్నదంతా పోగొట్టుకుని మొదటికంటే అధ్వాన్నమయ్యాడు. ఎవరికి ఏమవుతుందో ముందుగా చెప్పలేరు.

"అతను ఒప్పుకుని సంతకం పెడితే చేద్దాం. తెలివిలో ఉన్న మనిషి. నువ్వు పెడితే చెల్లదు" అన్నాడు.

ఆమె కాగితం ఇంటికి తెచ్చి భర్త ముందు పెట్టింది. సెలవు పెట్టి వచ్చిన పైడిరాజు దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివాడు.

"నాలాంటి గాయం ఉన్నవాళ్ళు ఎవరైనా ఇందులో ఉన్నారా?"

"లేరు."

"అయితే నాకేమవుతుందో?"

"తెలీదండీ. మీరు పూర్తిగా మీలా అయిపోవచ్చు. లేదా మళ్ళీ ఆ కిటికీ పక్క కుర్చీలోకి వెళ్ళొచ్చు. ఏమైనా నేను మీతోనే ఉంటాను."

అతను పెన్ను తీసుకున్నాడు. సంతకం చేయాల్సిన గీత మీదకి పెన్ను వెళ్ళింది. అక్కడే నిలిచిపోయింది. పెన్ను మొన కాగితానికి తగలకుండానే వెనక్కి వచ్చింది.

"మీకు మారాలని ఉందా?" అని అడిగింది మంగవేణి.

"ఉంది."

"మరి పెట్టండి. నన్ను నమ్మండి."

అతను ఆమెకేసి చూశాడు. ఆ చూపులో ప్రేమ ఉంది. అదైనా పోయి ఉంటే ఆమెకి కొంత తేలికగా ఉండేది.

"నమ్మాలనే ఉంది వేణీ" అన్నాడు. "ఎలా నమ్మేవాణ్ణో గుర్తు రావడం లేదు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె రకరకాలుగా ఆలోచించింది. మత్తుమందు ఇచ్చి పాగా చుట్టేయొచ్చు. అతని చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించొచ్చు. ఒకసారి నియమం తప్పి అతనికి మంచి చేశాననుకుంది. రెండోసారి అదే పని చేయడానికి ఆమెకి చేతులు రాలేదు. కాగితం చింపేసింది.

తర్వాత తను చేసింది చెయ్యాల్సిన పనేనని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. పరిశోధనశాల ప్రయోగాల్ని తనిఖీ చేసే నైతిక సంఘానికి ఉన్నదున్నట్టు రాసి పంపింది. భర్తని దొంగచాటుగా ప్రయోగంలో చేర్చానని, పాగా మనిషిలో తెగువని చంపేస్తోందని, దానివల్ల ఒక ప్రాణం పోయిందని రాసింది. సంఘం చురుగ్గానే కదిలింది. బంధువుని చేర్చినందుకు, కాగితాల మీద సంతకం ఆమెదే కాబట్టి, మంగవేణిని ఉద్యోగంలోంచి తీసేశారు. అర్హత లేని వ్యక్తి కాబట్టి పైడిరాజుకి సంబంధించిన వివరాలన్నీ లెక్కలోంచి కొట్టేశారు. అవి కొట్టేశాక, పాగావల్ల ఎవరికీ హాని జరిగిన దాఖలా మిగల్లేదు. ఆ సంగతి ఆమెకి అర్థమయ్యేసరికి సంఘం సమావేశం ముగించి టీ తాగుతోంది.

భానోజీరావు పాగాకి అనుమతి వచ్చింది. తొందరపాటు తగ్గించే సాధనంగా బస్సు డ్రైవర్లకీ, పోటీ పరీక్షల కోచింగు సెంటర్లకీ దాన్ని ఇస్తున్నారు. కోచింగు సెంటర్ల ప్రకటనల్లో పిల్లలు నెమ్మదిగా, నిబ్బరంగా కనపడతారు.

పైడిరాజు అత్యవసర విభాగం వదిలేశాడు. ఇప్పుడు విశాఖలోనే ఒక లేబరేటరీలో రక్తపు చుక్కలు, కణాలు పరిచిన గాజుపలకలు సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తాడు. అక్కడ ఎవరి ప్రాణమూ ఎదురుగా కొట్టుకోదు. తేలేదాకా ఎంతసేపైనా చూడొచ్చు. అతను రాసిన రిపోర్టులో తప్పు దొరకదని పేరొచ్చింది. మంగవేణి ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది.

ఆమని పెద్దదయ్యింది. ఏ కోర్సు చదవాలి, ఎవరితో స్నేహం చెయ్యాలి, ఫలానా పని చేస్తే బాగుంటుందా అన్నవి తల్లినే అడుగుతుంది. తండ్రి దగ్గరికి లెక్కలు మాత్రం పట్టుకెళుతుంది. అవి అతను చాలా బాగా చెబుతాడు.